విండోస్ ఫారమ్స్ ప్రోగ్రాం హ్యాంగ్ అవ్వడం, గ్రిడ్ మందగించడం, తెలుగు అక్షరాలు తెగిపోవడం: అసలు కారణాలు, సరిచేసే పద్ధతి

మీ ప్రశ్నలోని విషయాలను ముందు ఒకచోట చేరుస్తాను. రైసు మిల్లు కోసం సి షార్ప్‌లో, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద, విండోస్ ఫారమ్స్‌తో ధాన్యం కొనుగోళ్ల ప్రోగ్రాం రాశారు. డేటా అంతా ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉంది. లారీ బరువు వేబ్రిడ్జి ఇండికేటర్ (లారీ కాటా మీది బరువు చూపే పెట్టె) నుంచి సీరియల్ పోర్టు మీదుగా వస్తోంది. సీజను రిపోర్టు బటన్ నొక్కగానే విండో తెల్లబడి పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడుతోంది. దాదాపు 60,000 వరుసలున్న గ్రిడ్‌ను కిందికి జరుపుతుంటే ఆగి ఆగి కదులుతోంది. బరువు వచ్చేటప్పుడు అప్పుడప్పుడూ ‘క్రాస్-థ్రెడ్ ఆపరేషన్ నాట్ వ్యాలిడ్’ అనే ఎర్రర్ వస్తోంది. కొత్త ల్యాప్‌టాప్‌లో తెర అంతా మసకగా ఉంది, రైతుల పేర్లలో కింది ఒత్తులు తెగిపోతున్నాయి. ఇన్ని తిప్పలు పడే బదులు మొత్తాన్ని డబ్ల్యూపీఎఫ్‌లో (తెరలు తయారుచేయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మరో పద్ధతిలో) మళ్లీ రాయడం మంచిదా అని అడిగారు.

మళ్లీ రాయవద్దు. మీరు చెప్పిన వాటిలో మొదటి మూడింటికీ మూలం ఒక్కటే: తెరను చూసుకోవలసిన థ్రెడ్ (ప్రోగ్రాంలో ఒకదాని తరువాత ఒకటిగా పనులు చేసుకుపోయే ధార) ఏ పని చేయాలి, ఏ పని చేయకూడదు అన్న హద్దు మీ ప్రోగ్రాంలో ఎక్కడా గీయలేదు. ఈ హద్దు డబ్ల్యూపీఎఫ్‌లోనూ ఇంతే, జావా స్వింగ్‌లోనూ ఇంతే, క్యూటీలోనూ ఇంతే. హద్దు గీయకుండా చోటు మారిస్తే ఆరు నెలల శ్రమ తరువాత ఇదే విండో అక్కడ కూడా ఇలాగే తెల్లబడుతుంది. మిగిలిన రెండింటికీ, అంటే మసకదనానికీ ఒత్తులు తెగడానికీ, కారణాలు వేరు. వాటి సంగతి తరువాత చెబుతాను.

విండోస్‌లో విండోను సృష్టించిన ప్రతి థ్రెడ్‌కూ ఒక మెసేజ్ క్యూ ఉంటుంది. మౌస్ నొక్కడం, కీ కొట్టడం, మరో విండో పక్కకు తొలగినప్పుడు కిందిది మళ్లీ గీయవలసి రావడం, ఇవన్నీ ఆ క్యూలోకి మెసేజ్‌లుగా వచ్చి చేరతాయి. మీ మెయిన్ థ్రెడ్, అంటే తెరను చూసుకునే థ్రెడ్, వాటిని ఒక్కొక్కటిగా తీసి, తగిన ఈవెంట్ హ్యాండ్లర్‌ను (ఆ మెసేజ్‌కు స్పందనగా నడిచే కోడ్‌ను) పిలిచి, అది ముగిశాకే తరువాతి దాన్ని తీసుకుంటుంది. మిల్లు గేటు దగ్గర చీటీలు రాసే గుమాస్తా ఒక్కడే ఉన్నాడనుకోండి. అతన్నే గోదాములోకి పంపి బస్తాలు లెక్కపెట్టమంటే, తిరిగి వచ్చేదాకా గేటు దగ్గర లారీలు నిలబడిపోతాయి. రిపోర్టు బటన్ క్లిక్ హ్యాండ్లర్‌లో మీరు డేటాబేస్‌ను పిలిచి 40 సెకన్లు కూర్చోబెట్టినప్పుడు జరుగుతున్నది ఇదే. క్యూ నుంచి మెసేజ్‌లు తీసుకోవడం 5 సెకన్ల పాటు ఆగిపోతే విండోస్ మీ ప్రోగ్రాంను స్పందించనిదిగా లెక్కగట్టి, మీ విండో స్థానంలో దాని నకలును నిలబెట్టి, శీర్షికకు ఆ మాట తగిలిస్తుంది. ప్రోగ్రాం చావలేదు, పని చేస్తూనే ఉంది. కాని వాడేవారికి ఆ సంగతి తెలిసే మార్గం లేదు కనుక టాస్క్ మేనేజర్ తెరిచి మూసేస్తారు, సగంలో ఉన్న ఎంట్రీ పోతుంది. తెర అందం కన్నా ముందు దీన్నే సరిచేయమని నేను చెప్పేది అందుకే.

ఊహించి సరిచేయడం మొదలుపెట్టకండి, ముందు నిర్ధారించుకోండి. ప్రోగ్రాంను విజువల్ స్టూడియో నుంచి నడిపి, రిపోర్టు బటన్ నొక్కి, విండో నిలిచిపోయిన సమయంలో డీబగ్ మెనూలోని ‘బ్రేక్ ఆల్’ నొక్కండి. థ్రెడ్స్ విండోలో మెయిన్ థ్రెడ్‌ను ఎంచుకుని కాల్ స్టాక్, అంటే ఆ సమయంలో నడుస్తున్న మెథడ్ల జాబితా, చూడండి. పై వరుసల్లో ఎస్‌క్యూఎల్ కమాండ్, రీడర్, డేటా అడాప్టర్ పేర్లు కనిపిస్తే సమయం డేటాబేస్ దగ్గర పోతోంది. డేటాగ్రిడ్‌వ్యూ పేరు, దాని కింద కొలతలు తీసే మెథడ్ల పేర్లు కనిపిస్తే డేటా ఎప్పుడో వచ్చేసింది, గ్రిడ్ దగ్గర ఇరుక్కుంది. ఇదే పనిని కొన్ని సెకన్ల వ్యవధి ఇస్తూ రెండు మూడుసార్లు చేసి చూడండి. ప్రతిసారీ ఒకే మెథడ్ పైన కనిపిస్తే దోషి దొరికినట్టే. ‘గ్రిడ్ కంట్రోల్ మంచిది కాదు’ అని తేల్చేసి డబ్బు పోసి వేరే కంట్రోల్ కొన్న తరువాత, ఆలస్యమంతా ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికేందుకు పనికొచ్చే సూచిక) లేని టేబుల్ దగ్గర ఉందని తేలిన సందర్భాలు నేను ఒకటికి మించి చూశాను.

డేటాబేస్ దగ్గరే ఆలస్యమని తేలితే, సి షార్ప్‌లో 2012 నుంచి ఉన్న అసింక్, అవెయిట్ (థ్రెడ్‌ను ఆపి ఉంచకుండా ఫలితం కోసం ఎదురుచూసే పద్ధతి) మీకు సరిపోతాయి. క్లిక్ హ్యాండ్లర్‌కు అసింక్ తగిలించండి. మొదటి వరుసల్లోనే తేదీలు, గ్రామం, ధాన్యం రకం వంటి విలువలను కంట్రోళ్ల నుంచి చదివి మామూలు వేరియబుల్స్‌లో పెట్టుకోండి. తరువాత క్వెరీ నడిపి ఒక లిస్టు తిరిగి ఇచ్చే మెథడ్‌ను టాస్క్.రన్ లోపల పిలిచి, దానికి ముందు అవెయిట్ పెట్టండి. అవెయిట్ దగ్గర మెయిన్ థ్రెడ్ హ్యాండ్లర్‌ను వదిలి క్యూ దగ్గరికి వెళ్లిపోతుంది. ఫలితం రాగానే మిగిలిన వరుసలను అదే మెయిన్ థ్రెడ్ మళ్లీ అందుకుంటుంది. కనుక ఆ కింది వరుసల్లో గ్రిడ్‌ను, లేబుల్‌ను నిశ్చింతగా తాకవచ్చు. టాస్క్.రన్ లోపల మాత్రం ఏ కంట్రోల్‌నూ తాకకూడదు, చదవడానికి కూడా. పైన విలువలను ముందే వేరియబుల్స్‌లోకి తీసుకోమన్నది ఇందుకే.

ఇక్కడ చాలామంది వదిలేసే చిన్న పనులు కొన్ని ఉన్నాయి, వాటి వల్లే కొత్త తప్పులు పుడతాయి. విండో ఇప్పుడు స్పందిస్తోంది కాబట్టి వాడేవారు అదే బటన్‌ను మరో రెండుసార్లు నొక్కగలరు. అందుచేత పని మొదలయ్యే ముందు బటన్‌ను డిజేబుల్ చేసి, ఫైనల్లీ బ్లాకులో తిరిగి ఎనేబుల్ చేయండి, అప్పుడు మధ్యలో ఎర్రర్ వచ్చినా బటన్ బిగుసుకుపోదు. అసింక్ వాయిడ్ హ్యాండ్లర్ నుంచి బయటికి వెళ్లిన ఎర్రర్‌ను పిలిచినవారు పట్టుకోలేరు, కనుక ట్రై, క్యాచ్ ఆ హ్యాండ్లర్‌లోనే ఉండాలి. రిపోర్టు వచ్చేలోపు విండోను మూసేస్తే, తిరిగి వచ్చిన వరుసలు మూసిన ఫారంలోని గ్రిడ్‌ను తాకబోతాయి. క్యాన్సలేషన్ టోకెన్ (పని ఆపమని చెప్పే గుర్తు) ఒకటి ఉంచుకుని ఫారం మూసేటప్పుడు దాన్ని రద్దు చేసి, అవెయిట్ తరువాత ఫారం డిస్పోజ్ అయిందేమో (అది వాడిన వనరులు విడుదలయ్యాయేమో) ఒకసారి చూడండి. అవెయిట్ పెట్టినంత మాత్రాన క్వెరీ వేగం పెరగదన్నది కూడా మనసులో ఉంచుకోండి. ఎస్‌క్యూఎల్ కమాండ్ గడువు డిఫాల్టుగా 30 సెకన్లు. మీరు దాన్ని పెంచి పెట్టుకున్నారంటే, చూడవలసింది ఆ గడువును కాదు, తేదీ కాలమ్ మీద ఇండెక్స్ ఉందా లేదా అన్నది.

ఎంత ఆలస్యానికి ఏం చూపాలన్న దానికి 1993లో వాడకపు సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ ప్రచారంలోకి తెచ్చిన మూడు హద్దులు నేటికీ పనికొస్తున్నాయి. 0.1 సెకనులోపు జరిగితే వెంటనే జరిగినట్టే అనిపిస్తుంది. 1 సెకను వరకు ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనిషి దృష్టి వేరే పని మీదికి పోతుంది. మీ రిపోర్టుకు 10 సెకన్లకు మించి పట్టేటట్టయితే ఊరకే తిరిగే చక్రం బొమ్మ చాలదు. ప్రోగ్రెస్ తరగతిని మెయిన్ థ్రెడ్‌లో సృష్టించి లోపలికి పంపితే, లోపలి పని ‘ఇన్ని వరుసలు అయ్యాయి’ అని చెప్పినప్పుడల్లా అది మెయిన్ థ్రెడ్ మీదే అందుతుంది. ప్రతి వరుసకూ కాకుండా ప్రతి 500 వరుసలకు ఒకసారి చెప్పించండి, లేకపోతే ఆ కబుర్లతోనే క్యూ నిండిపోతుంది. పక్కన రద్దు చేసే బటన్ తప్పక ఉండాలి.

వెతికితే దొరికే మూడు అడ్డదారుల నుంచి మిమ్మల్ని గట్టిగా హెచ్చరించాలి. ఒకటి, లూప్ మధ్యలో అప్లికేషన్.డూఈవెంట్స్ పిలవడం. విండో కదిలినట్టే ఉంటుంది, కాని ఆ పిలుపు లోపలే మరో క్లిక్ హ్యాండ్లర్ మొదలుకాగలదు. సేవ్ సగంలో ఉండగా రెండో సేవ్ నడిచి ఒకే తూకానికి రెండు ఎంట్రీలు పడే తప్పు ఇలాగే వస్తుంది, దాన్ని తరువాత పట్టుకోవడం మహా కష్టం. రెండోది, అసింక్ మెథడ్‌ను పిలిచి దాని ఫలితం కోసం అక్కడికక్కడే రిజల్ట్ (Result) అని గాని వెయిట్ (Wait) అని గాని అడగడం. మెయిన్ థ్రెడ్ ఫలితం కోసం ఆగుతుంది, మిగిలిన వరుసలు నడవడానికి అదే మెయిన్ థ్రెడ్ ఖాళీ కావాలి. రెండూ ఒకదానికోసం ఒకటి ఆగి ప్రోగ్రాం శాశ్వతంగా నిలిచిపోతుంది. పైనుంచి కిందిదాకా అవెయిట్‌నే వాడండి. మూడోది, చెక్‌ఫర్‌ఇల్లీగల్‌క్రాస్‌థ్రెడ్‌కాల్స్ అనే ప్రాపర్టీని ఫాల్స్ చేయడం. అది తప్పును తీసేయదు, తప్పు జరుగుతోందన్న హెచ్చరికను మాత్రమే తీసేస్తుంది.

ఆ హెచ్చరికే మీకు వేబ్రిడ్జి దగ్గర వస్తున్నది. సీరియల్‌పోర్ట్ తరగతిలోని డేటారిసీవ్డ్ ఈవెంట్ మెయిన్ థ్రెడ్ మీద రాదు, వేరే థ్రెడ్ మీద వస్తుంది. మీరు అందులోనే బరువు లేబుల్‌ను మారుస్తున్నారు కనుక ఎర్రర్ వస్తోంది. దీనికి సాధారణంగా చెప్పే మందు ఇన్వోక్; కాని సీరియల్ పోర్టు విషయంలో దానిలో ఒక ఉచ్చు ఉంది. ఇన్వోక్ అంటే మెయిన్ థ్రెడ్ ఆ పని చేసేదాకా ఇక్కడ ఆగి ఉండటం. సరిగ్గా అదే సమయంలో మెయిన్ థ్రెడ్ ఫారం మూస్తూ పోర్టును క్లోజ్ చేయబోతే, క్లోజ్ ఆ హ్యాండ్లర్ ముగియడం కోసం ఆగుతుంది, హ్యాండ్లర్ మెయిన్ థ్రెడ్ కోసం ఆగుతుంది. సాయంత్రం మిల్లు మూసేటప్పుడు మాత్రమే ప్రోగ్రాం నిలిచిపోతోందన్న ఫిర్యాదు వస్తే మొదట చూడవలసిన చోటు ఇదే. కనీసం బిగిన్‌ఇన్వోక్ వాడండి, అది ఆగదు.

నన్నడిగితే ఈ పనికి అంతకన్నా శుభ్రమైన అమరిక ఉంది. ఇండికేటర్ సెకనుకు ఎన్నోసార్లు బరువు పంపుతూ ఉంటుంది. వాటన్నిటినీ తెరమీద చూపవలసిన పని లేదు. డేటారిసీవ్డ్ హ్యాండ్లర్ చేయవలసినదల్లా వచ్చిన అక్షరాలను ఒక బఫర్‌లో చేర్చుకుంటూ పోవడం, వరుస ముగింపు గుర్తు కనిపించినప్పుడు పూర్తి వరుసను విడదీసి, చివరి బరువును ఒక లాక్ కింద (రెండు థ్రెడ్‌లు ఒకేసారి తాకకుండా) ఒక ఫీల్డులో ఉంచడం. ఒక ఈవెంట్‌కు ఒక పూర్తి బరువు వస్తుందని అనుకోకండి; ‘0254’ ఒకసారి, ‘80’ మరోసారి రావచ్చు, దాన్ని అలాగే చదివితే 25,480 కిలోల లారీ 254 కిలోలుగా కనిపిస్తుంది. తెర వైపున విండోస్ ఫారమ్స్ టైమర్‌ను 200 మిల్లీసెకన్లకు పెట్టి, ఆ ఫీల్డును చదివి లేబుల్ మార్చండి. డాట్‌నెట్‌లో టైమర్ పేరుతో ఒకటికి మించి తరగతులు ఉన్నాయి. మెయిన్ థ్రెడ్ మీదే మోగేది సిస్టమ్.విండోస్.ఫారమ్స్‌లో ఉన్నది, మీకు కావలసింది అదే. అంకె కదులుతూ ఉండగా సేవ్ బటన్‌ను ఎనేబుల్ చేయవద్దు. ఒకే బరువు 2 సెకన్ల పాటు నిలిచిన తరువాతే ఎనేబుల్ చేసి, నొక్కిన సమయంలో లేబుల్ మీద ఉన్న అంకెనే సేవ్ చేయండి. లోపలి ఫీల్డులో అప్పటికి మరో బరువు చేరి ఉండవచ్చు. రైతుకు డబ్బు లెక్క కట్టేది ఆ అంకె మీదే కనుక, తెరమీద అతను చూసినదీ చీటీలో పడినదీ ఒక్కటే కావాలి.

ఇక గ్రిడ్. మీరు పంపిన కోడ్ భాగంలో ఆటోసైజ్‌కాలమ్స్‌మోడ్ ‘ఆల్‌సెల్స్’ అని ఉంది. అంటే కాలమ్ వెడల్పు తేల్చడానికి గ్రిడ్ ప్రతి గడిలోని అక్షరాలనూ కొలవాలి. 60,000 వరుసలు, 12 కాలమ్‌లు అంటే 7,20,000 కొలతలు. పైగా లూప్‌లో రోస్.యాడ్ అని ఒక్కొక్క వరుసా చేరుస్తున్నారు కాబట్టి ఆ కొలతల పని లూప్ పొడవునా మళ్లీ మళ్లీ మీద పడుతుంది. దాన్ని ‘డిస్‌ప్లేడ్‌సెల్స్’ చేయండి, లేదా వెడల్పులు మీరే నిర్ణయించండి. డేటాను లిస్టుగా తెచ్చి ఒకేసారి డేటాసోర్స్‌కు ఇవ్వండి. ఇంత మాత్రానికే చాలా ప్రోగ్రాంలలో ఫిర్యాదు తీరిపోతుంది. అప్పటికీ బరువుగా ఉంటే వర్చువల్‌మోడ్ ఉంది: వరుసల సంఖ్య మాత్రం చెప్పి, కనిపిస్తున్న గడులకు గ్రిడ్ అడిగినప్పుడు సెల్‌వాల్యూనీడెడ్ ఈవెంట్‌లో విలువ ఇస్తారు. సెల్‌ఫార్మాటింగ్ ఈవెంట్‌ను కూడా ఒకసారి చూసుకోండి. అది గీసే ప్రతిసారీ కనిపించే ప్రతి గడికీ నడుస్తుంది. అందులో కొత్త ఫాంట్‌ను సృష్టించినా, గ్రామం పేరు కోసం డేటాబేస్‌ను అడిగినా స్క్రోల్ చేసేటప్పుడు తెలిసిపోతుంది. డబుల్‌బఫర్డ్ ప్రాపర్టీ పైకి కనిపించదు; గ్రిడ్ నుంచి ఒక చిన్న తరగతి వారసత్వంగా తీసుకుని కన్‌స్ట్రక్టర్‌లో దాన్ని ట్రూ చేస్తే మినుకుమినుకుమనడం తగ్గుతుంది. రిమోట్ డెస్క్‌టాప్ మీద వాడేవారికి మాత్రం ఇదే ఎదురు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఆపేయండి.

అసలు 60,000 వరుసలను ఎవరు చదువుతారన్నది నా ప్రశ్న. యజమానికి కావలసింది రోజువారీ మొత్తం, గ్రామాల వారీ మొత్తం. గుమాస్తాకు కావలసింది ఒక రైతు చీటీలు. మొదట తెరుచుకున్నప్పుడు ఈ రోజు తూకాలు మాత్రం చూపి, మిగిలినవి తేదీ, గ్రామం, పేరు ఇచ్చి తెచ్చుకునేలా చేస్తే వర్చువల్‌మోడ్ అవసరమే రాకపోవచ్చు. పేరుతో వెతికే పెట్టెలో టెక్స్ట్‌ఛేంజ్డ్ ప్రతి కీకి మోగుతుంది. కీ కొట్టిన ప్రతిసారీ 300 మిల్లీసెకన్ల టైమర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టి, టైమర్ మోగినప్పుడే వెతకండి. పాత వెతుకులాట ఫలితం ఆలస్యంగా వచ్చి కొత్తదాని మీద పడకుండా, కొత్తది మొదలుపెట్టేటప్పుడు పాత టోకెన్‌ను రద్దు చేయండి.

మసకదనం సంగతి చిన్నదే. మీ ప్రోగ్రాం తనకు వేర్వేరు డీపీఐలు (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) తెలుసని చెప్పుకోలేదు. అందువల్ల విండోస్ దాన్ని 96 డీపీఐలో, అంటే 100 శాతంలో గీయించి, ఆ బొమ్మను 125 లేదా 150 శాతానికి సాగదీస్తోంది. ఫ్రేమ్‌వర్క్ 4.7 నుంచి విండోస్ ఫారమ్స్‌లో దీనికి మంచి మద్దతు ఉంది: యాప్ కాన్ఫిగ్ ఫైలులో విండోస్ ఫారమ్స్ విభాగం కింద డీపీఐఅవేర్‌నెస్‌కు పర్‌మానిటర్‌వి2 అని ఇచ్చి, మ్యానిఫెస్ట్‌లో విండోస్ 10 మద్దతును ప్రకటించాలి. ఇలా ప్రకటించగానే అక్షరాలు స్పష్టమవుతాయి, ఆ వెంటనే అంకెలు పెట్టి కూర్చోబెట్టిన మీ అమరికలోని లోపాలన్నీ బయటపడతాయి. లేబుల్ మీదికి టెక్స్ట్‌బాక్సు ఎక్కడం, బటన్ మీది మాట తెగడం చూస్తారు. ఫారంకు ఆటోస్కేల్‌మోడ్ ‘ఫాంట్’ ఉంచి, ఎంట్రీ తెరలను టేబుల్‌లేఔట్‌ప్యానెల్‌లోకి మార్చి, అడ్డ, నిలువు వరుసలకు ఆటోసైజ్ ఇవ్వండి. డిజైనర్‌ను ఎప్పుడూ 100 శాతంలోనే తెరవండి. విజువల్ స్టూడియో పైన పసుపు పట్టీలో 100 శాతంతో మళ్లీ తెరవమంటావా అని అడిగినప్పుడు సరే అనండి. ఒకరు 150 శాతంలో, మరొకరు 100 శాతంలో ఒకే ఫారంను సేవ్ చేస్తూ పోతే కొలతలు ప్రతిసారీ మారిపోయి ఎవరి మార్పు ఏదో తెలియకుండా పోతుంది.

ఒత్తుల విషయం నాకు ప్రత్యేకంగా పట్టింపు ఉన్నది. ఫ్రేమ్‌వర్క్ 4.8లో ఫారం డిఫాల్ట్ ఫాంట్ మైక్రోసాఫ్ట్ శాన్స్ సెరిఫ్, 8.25 పాయింట్లు. అందులో తెలుగు అక్షరాలు లేవు. కనుక విండోస్ గీసేటప్పుడు తెలుగు ఉన్న మరో ఫాంట్‌ను తెచ్చి గీస్తుంది, కాని గ్రిడ్ వరుస ఎత్తు, టెక్స్ట్‌బాక్సు ఎత్తు మాత్రం మొదటి ఫాంట్ కొలతతోనే నిర్ణయమై ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన ఎత్తులో ‘కృష్ణమూర్తి’ పట్టదు. కింద ణ ఒత్తు తెగుతుంది. అందుచేత ఫాంట్‌ను మీరే చెప్పండి: విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అందుబాటులో ఉంది, ఇంగ్లీషు, తెలుగు రెండూ అందులో ఉన్నాయి. ఫారం స్థాయిలో దాన్ని 10 లేదా 11 పాయింట్లకు పెట్టి, గ్రిడ్ రోటెంప్లేట్ ఎత్తును ఆ ఫాంట్ ఎత్తుకు కొన్ని పిక్సెళ్లు కలిపి ఒకసారి నిర్ణయించండి. లేబుళ్లకు ఆటోసైజ్ ఉంచండి. సొంతంగా గీసే చోట టెక్స్ట్‌రెండరర్ వాడండి. ముద్రణకు మాత్రం అది పనికిరాదు, అక్కడ డ్రాస్ట్రింగ్‌నే వాడాలి. కాబట్టి తూకం చీటీని తెరమీద చూసి సరిపెట్టుకోకుండా కాగితం మీద వేసి చూడండి.

ఇంకా లోపలి తప్పు ఒకటి ఉంది, అది మీ కోడ్‌లోనూ కనిపించింది. పేరు పెట్టెలో అంకెలు పడకుండా కీప్రెస్‌లో క్యార్.ఈజ్‌లెటర్ చూసి, కాకపోతే కీని తోసిపుచ్చుతున్నారు. యూనికోడ్ లెక్కలో క, ల, మ అక్షరాలు. కాని గుణింతపు గుర్తులు, పొల్లు అక్షరాలు కావు, అవి చేర్పు గుర్తులు. అందువల్ల ఈజ్‌లెటర్ ‘ి’ని, ‘్’ని కాదంటుంది. తెలుగు కీబోర్డుతో టైపు చేసేవారికి గుడి పడదు, ఒత్తు పడదు, పేరు రాయడమే కుదరదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అక్షరాల వర్గాన్ని మాత్రమే అనుమతించినా ఇదే జరుగుతుంది; గుర్తుల వర్గాన్ని కూడా చేర్చాలి. పొడవు విషయం కూడా ఇలాంటిదే. ‘లక్ష్మి’ చూడటానికి రెండు అక్షరాలు. స్ట్రింగ్ పొడవు అడిగితే 7 అని వస్తుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. చీటీలో చోటు చాలదని సబ్‌స్ట్రింగ్‌తో 5 దగ్గర కోస్తే ‘లక్ష్’ మిగులుతుంది. మ్యాక్స్‌లెంత్ కూడా ఈ లెక్కనే పాటిస్తుంది, అందువల్ల 20 పెడితే పొడవైన ఇంటిపేర్లు మధ్యలో ఆగిపోతాయి. లెక్కపెట్టి కోయవద్దు, గీసేటప్పుడు ఎండ్‌ఎలిప్సిస్ ఇస్తే చోటును బట్టి చివర చుక్కలు అదే పెడుతుంది. డేటాబేస్‌లో ఆ కాలమ్ ఎన్‌వార్‌క్యార్ (యూనికోడ్ అక్షరాలను దాచే రకం) అయి ఉండాలి, లేకపోతే పేరు స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. డబ్బు అంకెలకు తెలుగు కల్చర్ (te-IN) ఇచ్చి ఫార్మాట్ చేస్తే 12,34,567.00 అని మన పద్ధతిలో కామాలు పడతాయి, దానికోసం సొంత మెథడ్ రాయనక్కరలేదు.

రోజంతా తెరిచి ఉంచితే సాయంత్రానికి ప్రోగ్రాం మందగిస్తోందని చివరలో ఒక మాట అన్నారు. టాస్క్ మేనేజర్‌లో ‘జీడీఐ ఆబ్జెక్ట్స్’ (తెర గీయడానికి వాడే ఫాంట్లు, బొమ్మల వంటివి) కాలమ్ తెరిచి, తూకం డైలాగును పదిసార్లు తెరిచి మూయండి. అంకె పెరుగుతూ పోయి తగ్గకపోతే లీక్ ఉంది, అంటే వాడినవి విడుదల కావడం లేదు. ఒక ప్రాసెస్‌కు డిఫాల్ట్ పరిమితి 10,000. అక్కడికి చేరితే బటన్లు నల్లబడటం, బొమ్మలు మాయమవడం మొదలవుతుంది. షోడైలాగ్‌తో తెరిచిన ఫారం మూసినంత మాత్రాన డిస్పోజ్ కాదు, దాన్ని యూజింగ్ బ్లాకులో పెట్టాలి. ప్యానెల్‌లో కంట్రోల్స్.క్లియర్ అన్నా లోపలి కంట్రోళ్లు డిస్పోజ్ కావు. ఒక్కొక్కదాన్నీ డిస్పోజ్ చేయాలి.

గుమాస్తా లారీల వరుస ముందు కూర్చుని పని చేసేది మౌస్‌తో కాదు, కీబోర్డుతో. ట్యాబ్ వరుసను చీటీలోని వరుసతో సరిపోల్చండి, సేవ్‌ను ఫారం యాక్సెప్ట్‌బటన్‌గా, రద్దును క్యాన్సెల్‌బటన్‌గా పెట్టండి. వ్యాలిడేటింగ్ ఈవెంట్‌లో క్యాన్సెల్ ట్రూ చేస్తే ఆ పెట్టె నుంచి బయటికి రాలేరు, రద్దు బటన్ కూడా పనిచేయదు. రద్దు బటన్‌కు కాజెస్‌వ్యాలిడేషన్ ఫాల్స్ చేసి, ఫారం ఆటోవ్యాలిడేట్‌ను ‘ఎనేబుల్‌అలౌఫోకస్‌ఛేంజ్’ చేయండి. తప్పును మెసేజ్‌బాక్సుతో కాక ఎర్రర్‌ప్రొవైడర్‌తో ఆ పెట్టె పక్కనే చూపండి. ‘తప్పు విలువ’ అని కాక, ‘తేమ శాతం 0 నుంచి 100 లోపు ఉండాలి’ అని రాయండి.

వరుస ఇలా పెట్టుకోండి: సీరియల్ పోర్టు ముందు, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే డబ్బు తప్పుతుంది, తరువాత రిపోర్టు, గ్రిడ్, ఆ తరువాత ఫాంట్, డీపీఐ చివర, అది ప్రతి తెరనూ తాకే పని కనుక సీజను అయిపోయాక మొదలుపెట్టడం మంచిది. డేటాబేస్‌ను పిలిచే కోడ్‌ను ఫారంల నుంచి తీసి, ఏ కంట్రోల్ పేరూ తెలియని వేరే తరగతుల్లోకి చేర్చడం ఈ పనితోపాటే జరిగిపోతుంది. అవి వేరుపడిన తరువాత గ్రాఫులు, పెద్ద తెరల మీద వేర్వేరు అమరికలు వంటి నిజమైన అవసరం వచ్చి డబ్ల్యూపీఎఫ్‌కు వెళ్లదలచుకుంటే, మళ్లీ రాయవలసింది తెరలను మాత్రమే.